గిర్నిలో భోజనశాల

క్రిందటి వేసవిలో నా పూర్వ విద్యార్థి ఒకడు కామారెడ్డిలో మా యింటికి వచ్చి తన ఫోనులో కొన్ని చిత్రములు చూపినాడు. అన్నియు పెద్ద పట్టణములలోని హోటళ్లు. ఎర్రని ఇటుక గోడలు, ఇనుప దూలములు, పైనుండి వ్రేలాడు బల్బులు, వాటి పచ్చని వెలుతురులో భోజనము చేయుచున్న జనము. ఎల్లారెడ్డిలో వారి కుటుంబమునకు ఒక పాత బియ్యపు గిర్ని కలదు. యంత్రములు అమ్మివేసి చాల కాలమైనది; రేకుల షెడ్డు మాత్రము మిగిలినది. "సార్, మా గిర్నిని గిట్ల చెయ్యాలె. లోపలికొస్తె వెచ్చగ అనిపియ్యాలె" అన్నాడు. అప్పుడు పగలు రెండు గంటలు. బయట 43 డిగ్రీల ఎండ. నాకు నవ్వు ఆగలేదు.

నవ్వినందుకు తరువాత కొంచెము సిగ్గుపడితిని. అతడు బ్యాంకులో అప్పు తీసికొని ఈ పనికి పూనుకొన్నాడు. నేను మాటను పట్టుకొని నవ్వితిని. అయినను ఆ మాటలో ఒక చిక్కున్నది. మన భాషలో దీవెన అంతయు చల్లదనముతో కూడినది. చల్లగా ఉండుమందుము; కడుపు చల్లగా ఉండవలెనందుము; తల్లి చూపు చల్లన, చెట్టు నీడ చల్లన. "వెచ్చని ఆతిథ్యము" చలి దేశముల భాషలనుండి మనకు చేరిన మాట. అక్కడ బయట మంచు కురియుచుండగా లోపల పొయ్యి మండవలెను. ఎల్లారెడ్డిలో ఆ అవసరము సంవత్సరమునకు నాలుగు వారములు కూడ ఉండదు. కాబట్టి ఆ యువకుడు కోరినది ఉష్ణోగ్రత కాదు. లోపల అడుగు పెట్టిన మనిషికి "ఇక్కడ కొంతసేపు కూర్చుందును" అనిపించవలెనని అతని కోరిక. అట్లు అనిపించుటలో కంటికి, చెవికి, చర్మమునకు వేరువేరుగా పాత్ర ఉన్నది. ఆ మూడింటికిని గిర్ని షెడ్డు సహజముగా విరోధి. ఎందుకు విరోధి అయినదో తెలియవలెనన్న, గిర్ని కట్టడము ఎట్లు పుట్టినదో కొంచెము వెనుకకు పోయి చూడవలెను.

1771లో ఇంగ్లండులోని క్రామ్‌ఫర్డులో రిచర్డు ఆర్క్‌రైటు నీటి బలముతో నడచు నూలు మిల్లును నెలకొల్పినాడు. ఆ తరువాత కట్టిన మిల్లులలో కొయ్య స్తంభములు, కొయ్య అంతస్తులు ఉండెడివి. నేలలో నూనె ఇంకిపోయి ఉండును. గాలిలో ప్రత్తి దూది ఎగురును. చీకటి పడగానే దీపములు పెట్టుదురు. ఇంకేమి కావలెను? మిల్లులు వరుసగా తగులబడినవి. నూలు మిల్లులే కాదు, మన గిర్నికి దగ్గరి చుట్టమైన పిండి మిల్లు సంగతియు అంతే. లండనులో 1786లో ఆల్బియన్ మిల్లు అను పేర గొప్ప పిండి మిల్లు తెరచినారు. బోల్టన్, వాట్ కంపెనీ ఆవిరి యంత్రములతో అది నడచెడిది. ఆ కాలమునకు అది లోకవింత. 1791 మార్చిలో ఒకనాడు అది నిలువున కాలిపోయినది. సన్నని పిండి, సన్నని ఊకదుమ్ము గాలిలో తేలునప్పుడు ఒక నిప్పురవ్వ చాలునని మన గిర్నులవారికి ఎవరును చెప్పనక్కరలేదు.

ఈ భయమునుండియే ఇనుప చట్రపు కట్టడము పుట్టినది. ష్రూస్‌బరీ పట్టణము వద్ద 1797లో చార్లెస్ బేజ్ అనునాతడు అవిసెనార మిల్లునకు స్తంభములు, దూలములు పోత ఇనుముతో పెట్టి, వాటి నడుమ ఇటుక కమానులు కట్టినాడు. ప్రపంచములో మొదటి ఇనుప చట్రపు భవనముగా దానిని లెక్కింతురు. నేటి ఆకాశహర్మ్యములకు అది ముత్తవ్వ. అది తరువాత మద్యము తయారీకి ధాన్యము మొలకెత్తించు కర్మాగారమై, 1987లో మూతబడి, చాల కాలము పాడుపడియుండి, బాగుచేయబడి 2022లో మరల ప్రజలకు తెరువబడినది. చిత్రములలోని హోటళ్లలో మనకు అందముగా కనబడు ఇనుప దూలము, పూత లేని ఇటుక గోడ అందము కొరకు పుట్టినవి కావు. అగ్నికి భయపడిన మనుషులు చేసికొన్న ఏర్పాటులవి. ఈ సంగతిని పాఠకులు మనసున ఉంచుకొనవలెను. దీని అవసరము తరువాత వచ్చును.

కామారెడ్డి స్టేషనునుండి పడమరగా పోవు రైలుమార్గము హైదరాబాదు–గోదావరి లోయ మార్గమని పేరుపడి, 1900 ప్రాంతమున మన్మాడు వరకు వేయబడినది. అక్కడనుండి బొంబాయికి దారి దొరికినది. మన జిల్లాలలో వానలు పడని ఏడు, మగ్గమునకు పని లేని ఏడు జనము ఆ దారినే పట్టినారు. నేటికిని దేవగిరి ఎక్స్‌ప్రెస్ కామారెడ్డి మీదుగానే ముంబయి పోవును. బొంబాయిలో మొదటి నూలు మిల్లు కావస్జీ నానాభాయి దావర్ స్థాపించినది. 1856లో పని మొదలుపెట్టినది. తరువాత యాభై ఏండ్లలో పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతమంతయు పొగగొట్టములతో నిండిపోయినది. ఆ పేటను మరాఠీలో గిరణ్‌గావ్ అందురు. మిల్లుల ఊరని అర్థము. వారి గిరణీ, మన గిర్ని ఒకే మాట. తెలంగాణమునుండి పోయిన పద్మశాలీలు ఆ మిల్లులలో మగ్గములు నడపినారు. అంతకు ముందే కూలికి పోయిన మన కామాటివారి పేరు కామాటిపురకు నిలిచినది.

ఆ మిల్లులకు రంపపు పండ్లవంటి కప్పు ఉండెడిది. ప్రతి పంటికి ఒకవైపు రేకు, ఒకవైపు అద్దము. అద్దమంతయు ఉత్తరమునకు తిరిగియుండును. లాంకషైరులో నడిమింటి సూర్యుడు ఎన్నడును ఉత్తరమునకు ఎక్కడు కనుక నేత పనివానికి నీడ లేని, ఎండ లేని వెలుతురు దొరకును. దానినే తెచ్చి 19 డిగ్రీల అక్షాంశమున పెట్టినారు. కర్కటరేఖకు దక్షిణమున ఉన్న మనకు మే మధ్యనుండి జూలై చివరి వరకు నడిమింటి సూర్యుడు ఉత్తరముగానే ఉండునని భూగోళ ఉపాధ్యాయులు ఎరుగుదురు. విద్యార్థులు జూన్ నెలలో బడి ఆవరణలో నిలువు కర్ర పాతి మిట్టమధ్యాహ్నపు నీడ ఎటు పడునో చూడవచ్చును. కామారెడ్డిలో అది దక్షిణమునకు పడును. అంటే వేసవి చివర ఆ ఉత్తరపు అద్దములనుండి ఎండ కొంత లోపలికే దిగును.

మిల్లులో పనిచేయు మనిషి ఎక్కడ తిన్నాడు? ఈ ప్రశ్న హోటలు వ్యాసమునకు అక్కరలేదని కొందరనవచ్చును. నాకు మాత్రము ఇదే ముఖ్యమనిపించినది. ఊరిలో ఆలుబిడ్డలను విడిచి వచ్చిన మగవారు ఒక్కొక్క గదిలో పదిమంది, పదిహేనుమంది వంతులవారీగా పడుకొనెడివారు. వారికి అన్నము పెట్టినది ఖానావళి. పొరుగు గదిలో ఒక ఇల్లాలు, తరచుగా మిల్లు పనివాని భార్యయో, వితంతువో, నెలకింత అని తీసికొని రెండు పూటల వండి పెట్టెడిది. ఈ స్త్రీలను 1975లో ప్రేమా పురావ్ అన్నపూర్ణా మహిళా మండలముగా చేర్చి, వడ్డీ వ్యాపారులనుండి విడిపించి బ్యాంకు అప్పులు ఇప్పించినారు. ఖానావళిలో అలంకారమేదియు లేదు. గది చిన్నది, కప్పు తక్కువ ఎత్తు, దీపము ఒకటి, ప్రక్కవాని మోచేయి తగులునంత దగ్గర. నేటి హోటళ్లవారు లక్షలు పోసి తెచ్చుకొను "వెచ్చదనము" ఆ గదిలో ఊరకనే ఉన్నది. దానిని కావలెనని ఎవరును కోరుకొనలేదన్నది వేరు మాట.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున మిల్లు కార్మికుల సమ్మె ఆరంభమైనది. సుమారు రెండున్నర లక్షలమంది పనిలోనికి పోలేదు. ఆ సమ్మె గెలిచి ముగిసినది కాదు, ఓడినట్లు ప్రకటించినదియు కాదు. మిల్లులే ఒకటొకటిగా నిలిచిపోయినవి. ఎందరో తిరిగి ఊళ్లకు వచ్చిరి. 1991లో మిల్లు భూములను ఇతర పనులకు వాడుకొనుటకు నిబంధనలు మారినవి. 1905లో మొదలైన ఫీనిక్స్ మిల్లు ఆవరణలో 1990వ దశకము చివరకే దుకాణములు, ఆటస్థలములు, భోజనశాలలు వెలసినవి. పొగగొట్టము మాత్రము గుర్తుగా నిలిపినారు.

ఇట్టి మార్పు ముంబయితో ఆరంభమైనది కాదు. సాన్‌ఫ్రాన్సిస్కోలో ఘిరార్డెల్లి చాకొలెట్ కర్మాగారమును 1962లో కొని, కూలగొట్టకుండ దుకాణములు, హోటళ్లుగా మార్చి 1964లో తెరచినారు; పాత కర్మాగారములను కాపాడి వాడుకొనుటకు తరువాతివారు దానినే ఉదాహరణగా చూపినారు. మన ప్రక్క బోధనులో 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడినది. నిజాంసాగరు నీరు, చెరకు, కామారెడ్డి బెల్లపు వ్యాపారము, ఈ చక్కెర మిల్లు ఒకే గొలుసు. ఆ శక్కర్‌నగర్ షెడ్లు చూచినప్పుడెల్ల నాకు ఈ ప్రశ్నయే తోచును: ఇవి దేనికి పనికి వచ్చును?

ఇక శాస్త్రము. మొదట వెలుతురు.

కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎర్రబడును, తరువాత నారింజ రంగు, ఆపైన పచ్చన, ఇంకను కాలిన తెల్లన. వేడి పెరిగినకొలది వెలుతురు నీలమువైపు జరుగునని 1893లో విల్‌హెల్మ్ వీన్ సూత్రముగా చెప్పినాడు. ఈ సూత్రమువలన ఏ దీపపు రంగునైనను ఒక ఉష్ణోగ్రతతో చెప్పవచ్చును. కొవ్వొత్తి సుమారు 1900 కెల్విన్, పాత తీగ బల్బు 2700, మధ్యాహ్నపు ఎండ సుమారు 5500, బియ్యపు దుకాణములో వాడు తెల్లని ట్యూబులైటు 6500. ఇక్కడ ఒక తమాషా ఉన్నది. ఉష్ణోగ్రత తక్కువయైన ఎర్రని వెలుతురును మనము "వెచ్చన" అనుచున్నాము, ఎక్కువయైన నీలిదానిని "చల్లన" అనుచున్నాము. విద్యార్థులు పరీక్షలో దీనినే తారుమారు చేయుదురు. తప్పు వారిది కాదు. మనిషి కన్ను లక్షల సంవత్సరములు నిప్పుప్రక్కన రాత్రులు గడపినది. భౌతిక శాస్త్రము మొన్నటిది.

ఫిలిప్స్ సంస్థలో పనిచేసిన క్రుయిథాఫ్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు 1941లో ఒక పటము ప్రచురించినాడు. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు ఎర్రని రంగు హాయిగా తోచును. అదే తక్కువ వెలుతురు నీలిగా ఉన్న మబ్బుపట్టిన సాయంకాలమువలె మనసును దిగలాగును. తరువాతి ప్రయోగములు అతని గీతను పూర్తిగా నిలబెట్టలేదు. అయినను హోటలు కట్టువారు దానిని విడువలేదు, నేనును విడువమనను. గిర్నిలో వెలుతురు షెడ్డంతటను సమానముగా పరచుట పద్ధతి, పని అట్టిది. భోజనమునకు కావలసినది దానికి వ్యతిరేకము. బల్లమీద వెలుతురు, చుట్టును మసక. దీపమును కప్పునకు కాక బల్లకు దగ్గరగా, కూర్చున్నవాని కంటికి తగులకుండ వ్రేలాడదీసిన, ఆరు మీటర్ల ఎత్తు షెడ్డులో ప్రతి బల్లకు ఒక చిన్న గది ఏర్పడును. ఖానావళి గది వలె.

మరొక మాట. నేటి ఎల్.ఇ.డి. దీపములలో చౌకరకములు ఎరుపును చాల తక్కువగా ఇచ్చును. పెట్టెమీద 2700 అని వ్రాసియున్నను వాటిక్రింద మామిడికాయ తొక్కు మట్టిరంగున కనబడును. పెట్టెమీద రంగుల నాణ్యతా సూచిక అని మరొక సంఖ్య ఉండును. 90కి తక్కువైనది భోజనశాలకు కొనరాదని నా అభిప్రాయము. చిత్రములలోని ఎర్రతీగ బల్బులు చూచుటకు బాగుండును, కంటికి సూటిగా తగిలిన తలనొప్పి తెచ్చును.

చర్మము సంగతి కొద్దిమాటలలో చెప్పవచ్చును. ఒకే గదిలో, ఒకే ఉష్ణోగ్రత వద్ద ఇనుప బల్ల, టేకు బల్ల ముట్టుకొని చూడుడు. గది ముప్పది డిగ్రీలున్నను ఇనుము చల్లన, టేకు కాదు. ఇనుము వేడిని టేకుకంటె దాదాపు మూడువందల రెట్లు త్వరగా వహించి చేతినుండి లాగుకొనును. చేయి ఆనుచోట కొయ్య ఉండవలెనని వడ్రంగులు థర్మామీటరు పుట్టకముందే ఎరుగుదురు.

కప్పు వేరు సంగతి. మే నెలలో ఎల్లారెడ్డి షెడ్డు రేకును క్రిందినుండి పరారుణ థర్మామీటరుతో కొలచితిమి. 65 డిగ్రీలు చూపినది. స్టెఫాన్–బోల్ట్‌జ్‌మన్ సూత్రముతో తరగతిలో లెక్క వేయించితిని. 65 డిగ్రీల తలము చదరపు మీటరునకు సుమారు 740 వాట్లు వెదజల్లును. 35 డిగ్రీల తలము 510. అంటే చల్లని కప్పు క్రింద కూర్చున్నవానికంటె రేకు క్రింద కూర్చున్నవాని నెత్తిన ప్రతి చదరపు మీటరునకు 230 వాట్లు అదనము. ఎన్ని ఫాన్లు తిప్పినను వికిరణము గాలితో కదలదు. ఏ.సి. పెట్టినను తల కాలుచునే ఉండును. నా శిష్యునికి కావలసిన "వెచ్చదనము" రావలెనన్న మొట్టమొదట ఈ వెచ్చదనము పోవలెను.

అన్నిటికంటె ఎక్కువ కాలము మేము చెవితో తంటాలు పడినాము. షెడ్డులో ఒకడు చప్పట్లు కొట్టిన ఆ శబ్దము తిరిగి తిరిగి చావదు. ఈ చిక్కుతోనే 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు వాలేస్ సబైన్ అను యువ అధ్యాపకుని పిలిచినారు. వారు కొత్తగా కట్టించిన ఉపన్యాసశాలలో ఒక్క మాట పలికిన సుమారు ఐదున్నర సెకనులు వినబడుచుండెను. అంతలో ఉపన్యాసకుడు పదిహేను మాటలు పలుకును. సబైన్ రాత్రివేళ, ఊరు సద్దు మణిగిన తరువాత, మరొక నాటకశాలనుండి దిండ్లు మోయించుకొని వచ్చి, ఒక్కొక్క వరుస పరచుచు, ఆర్గన్ గొట్టము ఊది, శబ్దము ఆరిపోవు కాలము గడియారముతో కొలచినాడు. తెల్లవారునప్పటికి దిండ్లను యథాస్థానమున చేర్చవలెను. ఆ రాత్రుల ఫలితము ఒక చిన్న సూత్రము: శాల ఘనపరిమాణమును 0.16 చేత గుణించి, అందలి మొత్తము శబ్దశోషణచేత భాగించిన ప్రతినాద కాలము సెకనులలో వచ్చును.

ఎల్లారెడ్డి షెడ్డు 20 మీటర్ల పొడవు, 10 వెడల్పు, సగటున 6 ఎత్తు అనుకొందము. ఘనపరిమాణము 1200 ఘనపు మీటర్లు; 0.16 చేత గుణించిన 192. గోడలు, నేల, కప్పు కలిసి 760 చదరపు మీటర్లు. సిమెంటు, రేకు తమమీద పడిన శబ్దములో వందకు నాలుగు పాళ్లు మాత్రమే త్రాగునని తీసికొన్న మొత్తము శోషణ 30. భాగించిన 6 సెకనులు దాటును. సబైన్ శాలకంటె అధ్వాన్నము. కప్పులో సగము, అనగా నూరు చదరపు మీటర్లు, వందకు డెబ్బది పాళ్లు త్రాగు మెత్తని పదార్థముతో కప్పి, అరువదిమందిని కూర్చోబెట్టిన కాలము ఒకటిన్నర సెకనుకు దిగును. కప్పంతయు కప్పిన ఒక్క సెకను. మనుషులు గుడ్డలు కట్టుకొని వచ్చుటవలన వారును శోషకములే. నిండిన హోటలు ఖాళీ హోటలుకంటె ప్రతి శబ్దమును త్వరగా మింగును.

మరి నిండిన హోటలులో అరుపులు ఎక్కువ ఎందుకు? దీనికి ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లో కారణము చూపినాడు. చుట్టును రొద పెరిగిన మనిషి తనకు తెలియకయే గొంతు పెంచును. ప్రక్క బల్లవాడు దానిని మించును. ఆ పెరుగుదలకు అంతుండదు. శబ్దము త్వరగా ఆరిపోవు గదిలో ఈ పోటీ మొదలు కాదు. జనము మెల్లగా మాట్లాడుదురు, ఎక్కువసేపు కూర్చుందురు. చిత్రములో శబ్దము కనబడదు కనుక హోటలు కట్టించువారు దీనికి చివర డబ్బు మిగిలిన చూతమందురు. మిగలదు.

ఇక్కడనే మాకు తగవు వచ్చినది. మెత్తని కప్పు కావలెనని నేననగానే నా శిష్యుడు సంతోషించి, లింగంపేట దారిలో వెదురు దొరకును, తడికెలు అల్లించి కప్పంతయు కప్పుదము, పైన థర్మోకోలు, ఎండుగడ్డి, వాటి నడుమ బల్బుల తీగలు అన్నాడు. ఖర్చు తక్కువ, చూపు బాగుండును, ఎండ ఆగును, శబ్దము తగ్గును. అతని లెక్కలో తప్పు లేదు. నేను అతనిని కూర్చోబెట్టి రెండు ఊళ్ల కథ చెప్పితిని.

అమెరికాలోని బోస్టనులో కోకోనట్ గ్రోవ్ అను విందుశాల ఉండెడిది. పూర్వము అది మోటారు గ్యారేజి, గోదాము. దాని వికారమును కప్పిపుచ్చుటకు లోపల కప్పునకు గుడ్డలు పరచి, కాగితపు ఆకులతో కొబ్బరి చెట్లు నిలిపినారు. 1942 నవంబరు 28 రాత్రి నేలమాళిగ గదిలో ఎవరో మసక చాలదని ఒక చిన్న బల్బు తీసివేసినారు. దానిని మరల బిగించుటకు పనిపిల్లవాడు అగ్గిపుల్ల వెలిగించినాడు. నిప్పు దానివలననే పుట్టినదని అధికారులు తేల్చలేదు. కాని అది ఆ మూలనే కనబడి నిమిషములలో గుడ్డ కప్పు వెంట శాలంతయు ప్రాకినది. ముఖద్వారము గుండ్రముగా తిరుగు తలుపు. జనము ఒత్తిడికి అది బిగిసిపోయినది. కొన్ని తలుపులు తాళము వేసియున్నవి, కొన్ని లోపలికి తెరచుకొనునవి. 492 మంది చనిపోయినారు. తిరుగు తలుపు ప్రక్కన బయటికి తెరచుకొను మామూలు తలుపు ఉండవలెనను నియమము ఆ శవములమీద పుట్టినది.

రెండవది మన గిరణ్‌గావ్ లోనిది. లోయర్ పరేలులో కమలా మిల్లు ఆవరణమున తరువాత లేచిన ఒక భవనముపై భోజనశాలలు ఉండెడివి. 2017 డిసెంబరు 29న, అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి, హుక్కా నిప్పురవ్వలనుండి మంట పుట్టినదని అగ్నిమాపకశాఖ విచారణ తేల్చినది. పైన టార్పాలిను, వెదురు, గుడ్డలు. పదునాలుగురు పోయినారు, ఎక్కువమంది పొగకు ఊపిరాడక. మిల్లులు కట్టినవారు రెండువందల ఏండ్లక్రితము కొయ్యను తీసివేసి ఇనుము పెట్టినది దేనికొరకో, మిల్లు భూమిమీదనే మనము దానిని మరచితిమి.

ఇనుప షెడ్డు తగులబడదని అతడన్నాడు. నిజమే. కాని 550 డిగ్రీలకు ఉక్కు తన బలములో సుమారు సగము పోగొట్టుకొనును. ఎండుగడ్డి, థర్మోకోలు మంటకు ఆ వేడి ఎంతో సేపు పట్టదు. కాలుట వేరు, కూలుట వేరు.

నా శిష్యుడు రెండు నాళ్లు రాలేదు. కోపము వచ్చినదనుకొంటిని. మూడవనాడు ఒక నల్ల గొంగడి పట్టుకొని వచ్చినాడు. "సార్, గిది కాలుతదా?" అని అడిగినాడు. వాళ్ల నాయనమ్మ చెప్పినదట, పొయ్యి నిప్పు పడినచోట గొంగడి మాడి కమురు కంపు కొట్టునే గాని మండదని. పెరటిలో ఒక పోగు అంటించి చూచితిమి. అగ్గిపుల్ల ఉన్నంతసేపు ముడుచుకొని మాడినది, తీసివేయగానే ఆరినది. ప్రక్కన గోనెపట్టా పోగు చివరి వరకు కాలినది. గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు. ఉన్ని మండుచు ఉండవలెనన్న సుమారు 25 కావలెను, నూలుకు 18 చాలును. ఉన్నిలోని నత్రజని, గంధకము, పట్టియుండు తేమ దీనికి కారణములు. అంతమాత్రమున గొంగడి అగ్నికి లొంగనిదని అనరాదు. పెద్ద మంటలో అదియు పోవును, దాని పొగ విషము. అయినను తడికెకు, దీనికి పోలిక లేదు. నాయనమ్మకు ఇవి తెలియనక్కరలేకపోయినది.

ఇక పని తేలికయైనది. అయిదు సెంటీమీటర్ల మందము గల రాక్‌వూల్ పలకలు, అనగా కరగించిన రాతినుండి తీసిన పోగులతో చేసినవి, రేకు క్రింద కొంచెము ఎడముగా బిగించి, వాటికి క్రిందివైపు గొంగడి కప్పినారు. రాతిపోగు మండదు. ఎండ ఆగినది, శబ్దము ఆగినది, రెంటికి ఒకటే ఖర్చు. గొంగడి నలుపు కనుక కప్పు చీకటిలో కలిసిపోయి, షెడ్డు ఎత్తు కనబడకుండ పోయినది. ఇది మేము ముందు ఊహింపలేదు. గోడలకు సిమెంటు గీకించి డంగుసున్నము పట్టించినారు. మన జిల్లాలోనే దోమకొండ కోటను బాగుచేసినప్పుడు మరల పనికి వచ్చిన విద్య ఇది. ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారములలో ఒకటి లభించినది. సున్నములో కొంత జాజు కలుపగా గోడ మన ఊరి అరుగుల రంగుకు వచ్చినది. పచ్చని దీపము క్రింద ఆ రంగు చిత్రములలోని ఇటుకకంటె బాగున్నదని నేనందును. నా శిష్యుడు ఇంకను ఇటుకయే బాగుండెడిదనును.

నేను క్రిందటి వారము పోయినప్పుడు బల్లలు ఇంకను రాలేదు. ఖాళీ షెడ్డులో చప్పట్లు కొట్టి ఫోనుతో కొలచితిమి. రెండు సెకనులకు కొంచెము తక్కువ. అందుకు అతడు చిన్నబోయినాడు. మనుషులు వచ్చిన ఇంకను దిగునని చెప్పితిని. గ్యాసు సిలిండర్లు బయట జాలీ గదిలోనికి మార్చినారు. వెనుక గోడకు రెండవ తలుపు పెట్టవలసియున్నది. ఆ గోడ ఆనుకొని ప్రక్కవారి స్థలము. దారి ఇచ్చుటకు వారు ఒప్పుకొన్నారు గాని నెలనెల కిరాయి అడుగుచున్నారు. తలుపు ఎంత వెడల్పు ఉండవలెనో, ఎటు తెరచుకొనవలెనో సుద్దముక్కతో గోడమీద గీచి వచ్చితిని.